నిక్షేపధర్మం: నిరాదరణకు గురైన పెంపుడు కుందేళ్ల పునరాశ్రయం – ఒక నైతిక పరిశీలన

వ్యాస సంగ్రహం

తాను పెంచలేని ప్రాణిని మరొకరి చేతుల్లో పెట్టడం బాధ్యతను వదులుకోవడమా, నెరవేర్చడమా అనే ప్రశ్నను పెంపుడు కుందేళ్ల ఉదాహరణతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మహాప్రస్థానంలో ధర్మరాజు కుక్కను విడువక పోవడం, అభిజ్ఞాన శాకుంతలం నాలుగవ అంకంలో శకుంతల తాను పెంచినవాటిని అప్పగించి వెళ్లడం, భాగవతంలో భరతుడు లేడిపిల్లను పెంచడం అనే మూడు ఘట్టాలు ఇందుకు ఆధారం. ధర్మశాస్త్రాల్లోని ‘నిక్షేప’ భావన ఈ సమస్యకు యాజమాన్య భావన కంటే సరిపోతుందనీ, అప్పగింతతో బాధ్యత ముగియక రూపం మార్చుకుంటుందనీ ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలక పదాలు: పెంపకం, ఉపేక్ష, త్యాగం, అప్పగింత, నిక్షేపం, ఆనృశంస్యం

1. ఉపోద్ఘాతం

ప్రాచీన కావ్యాల్లో మూగజీవాల చిత్రణపై పరిశోధన చేస్తున్న కాలంలో మా పిన్ని ఒకనాడు ఫోను చేసి, “నీ పరిశోధన జంతువుల మీదే కదే, మా ఇంట్లో కుందేళ్లకు కూడా ఏదో ఒక దారి చూపించు” అన్నది. మాట హాస్యంగానే వచ్చింది గాని పరిస్థితి హాస్యంగా లేదు. హైదరాబాదులో వారిది మూడవ అంతస్తులోని ఫ్లాటు. ఎనిమిదేళ్ల పిల్లవాడి పుట్టినరోజుకు రెండు తెల్లకుందేళ్లను కొన్నారు. రెండూ ఆడవే అని అమ్మినవాడు చెప్పాడు. కొన్ని నెలలకు అవి ఆరయ్యాయి. నాలుగు పిల్లలను ఎవరెవరికో ఇచ్చేశారు. మిగిలిన రెండూ బాల్కనీలో ఇనుపతీగల పంజరంలో ఉన్నాయి. నేను చూసేనాటికి ఒకదాని ముందుపళ్లు వంకరగా పెరిగి నోరు మూతపడటం లేదు. రెండవదాని వెనుకకాళ్ల అడుగున బొచ్చు ఊడి పుండ్లు పడ్డాయి.

ఆ ఇంట్లో క్రూరులెవరూ లేరు. రోజూ గిన్నెలో నీళ్లు పోసేవారు, క్యారెట్టు ముక్కలు వేసేవారు. పిల్లవాడికి బడి, ట్యూషన్లు, పిన్నికి ఉద్యోగం, బాబాయికి దూరప్రయాణాలు. ఎవరూ చెడ్డవారు కాని ఇంట్లో రెండు ప్రాణులు మెల్లగా చెడిపోతున్నాయి. వాటికి కొత్త ఇల్లు వెతికే పనిలో నాకు ఎదురైన ప్రశ్నలే ఈ వ్యాసానికి మూలం. పెంచుతామని తెచ్చుకున్న ప్రాణిని మరొకరికి ఇవ్వడానికి మనకు అధికారం ఎక్కడిది? ఇచ్చిన తరువాత మన బాధ్యత తీరుతుందా? పెంచలేనని ఒప్పుకున్న మనిషిని ఎలా చూడాలి?

ఇవి కుందేళ్లకు మాత్రమే చెందిన ప్రశ్నలు కావు. అయితే కుందేలును ఎంచుకోవడానికి కారణం ఉంది. కుక్క అరుస్తుంది; పిల్లి గోడ దూకి పోతుంది. కుందేలు రెండూ చేయదు. వేటాడే జంతువులకు ఆహారమయ్యే జాతి కావడం వల్ల నొప్పిని బయటకు కనబడనీయదు. దాని మౌనాన్ని మనం సంతృప్తిగా చదువుకుంటాం. కనుక ఉపేక్ష అనే దోషం పూర్తిరూపంలో కనిపించేది కుందేలు విషయంలోనే.

2. ఒక పేరు, రెండు ప్రాణులు

మన సాహిత్యంలో కుందేలుకు లోటు లేదు. చంద్రునిలోని మచ్చ కుందేలు. అందుకే ఆయన శశాంకుడు. శశజాతకంలో బోధిసత్త్వుడు కుందేలై పుట్టి అతిథికి తన శరీరాన్నే ఆహారంగా సమర్పిస్తాడు. పంచతంత్రంలో సింహాన్ని బావిలో దూకించిందీ, ఏనుగుల మందను చంద్రుని పేరు చెప్పి మడుగు నుంచి మళ్లించిందీ కుందేలే. తార్కికులకు కుందేటికొమ్ము అసంభవానికి ఉదాహరణ. మొండివాదానికి లోకం పెట్టుకున్న గుర్తు ‘తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు’ అనడం. తెలంగాణ పల్లెల్లో చెవులపిల్లి అన్నా ఇదే.

అయితే ఈ కుందేలు, అంగట్లో అమ్మే కుందేలు ఒకటి కావు. మన పొలాల్లో, చిట్టడవుల్లో తిరిగేది లెపస్ నైగ్రికొల్లిస్ అనే దేశవాళీ అడవి కుందేలు. అది బొరియ తవ్వదు. గడ్డిదుబ్బుల మధ్య పడుకుంటుంది. దాని పిల్లలు బొచ్చుతో, తెరచిన కళ్లతో పుడతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది. ఇళ్లలో పెంచేది ఐబీరియా ద్వీపకల్పానికి చెందిన ఓరిక్టోలాగస్ క్యునిక్యులస్ జాతికి మచ్చికైన సంతతి. అది బొరియల్లో గుంపుగా బతికే జాతి. దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకొని పుడతాయి. ఇంగ్లీషువారు మొదటిదానిని హేర్ అనీ, రెండవదానిని రాబిట్ అనీ వేరు చేశారు. మనకు రెండింటికీ ఒకటే పేరు.

ఈ పేరు ఒక్కటి కావడం నైతిక ఫలితాలున్న విషయం. “కుందేలే కదా, ఏ తోటలోనో వదిలేస్తే గడ్డి తిని బతుకుతుంది” అని మా పిన్ని ఇంటి పొరుగువారు సలహా ఇచ్చారు. సలహాలో దుర్మార్గం లేదు. శశం అడవిలో బతుకుతుందన్న సాహిత్యసంస్కారం ఉంది. కాని తరతరాలుగా మనిషి తన కంటికి ఇంపుగా ఉండేట్లు ఎంచి పెంచిన తెల్లకుందేలుకు దాగే రంగు లేదు, పారిపోయే అనుభవం లేదు. దానిని తోటలో వదలడం స్వేచ్ఛనివ్వడం కాదు. వీధికుక్కల ముందుకు తోయడం.

సామెతలోని మూడుకాళ్ల కుందేలు ఇక్కడ మరోవిధంగా పనికి వస్తుంది. పెంచేవారి మనసులోని కుందేలుకూ పంజరంలోని కుందేలుకూ మధ్య ఉన్న దూరమే నిర్లక్ష్యానికి తొలి కారణం. క్యారెట్టు దాని ప్రధానాహారం అనుకుంటాం. దానికి కావలసింది ఎక్కువ భాగం ఎండుగడ్డి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమలడం వల్లనే అరుగుతాయి. చిన్నప్రాణి గనుక కొద్దికాలమే బతుకుతుందనుకుంటాం. మంచి సంరక్షణలో ఎనిమిది నుంచి పన్నెండేళ్ల దాకా బతుకుతుంది. గర్భధారణ కాలం దాదాపు 31 రోజులు. ఈనిన వెంటనే మళ్లీ చూలు నిలవగలదు. వాంతి చేసుకోలేదు, ఒకరోజు మేత ముట్టకపోతే పేగుల కదలిక ఆగి ప్రాణం మీదికి వస్తుంది. ఒంటి వేడిని ప్రధానంగా చెవుల ద్వారానే వదులుతుంది. నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో మూడవ అంతస్తు బాల్కనీ దానికి పొయ్యితో సమానం. ఎత్తుకోవడం పిల్లలకు ముద్దు. దానికి మాత్రం గద్ద తన్నుకుపోవడం వంటి భయం. ఆ గింజులాటలో వెన్నెముక విరిగే ప్రమాదమూ ఉంది.

ఈ వివరాలు నైతిక చర్చకు బయటివి కావు. ఒక ప్రాణి పట్ల కర్తవ్యం ఏమిటో తేలాలంటే ముందు అది ఎటువంటి ప్రాణియో తెలియాలి. తెలుసుకోకపోవడం ఇక్కడ కర్తవ్యలోపంలో మొదటి భాగం.

3. ఉపేక్ష స్వరూపం

‘ఉపేక్ష’ అనే మాటకు మన శాస్త్రాల్లో గౌరవస్థానం కూడా ఉంది. పతంజలి యోగసూత్రాల సమాధిపాదంలో సుఖవంతుల పట్ల మైత్రి, దుఃఖితుల పట్ల కరుణ, పుణ్యాత్ముల పట్ల ముదిత, అపుణ్యుల పట్ల ఉపేక్ష చిత్తప్రసన్నతకు సాధనాలుగా చెప్పబడ్డాయి. ఈ విభజనలో ఉపేక్షకు ఒక విషయం నియతమై ఉంది. దుఃఖంలో ఉన్న ప్రాణికి చెందవలసింది కరుణ. దానికి ఉపేక్షను ఇవ్వడం అంటే ఒకరికి ఇవ్వవలసినదానిని మరొకరికి ఇవ్వడమే. తప్పు భావంలో లేదు, భావం ప్రసరించిన చోటులో ఉంది.

చట్టం ఈ దోషాన్ని గుర్తించింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 3వ సెక్షను, జంతువు ఎవరి సంరక్షణలో ఉన్నదో వారు దాని క్షేమానికి తగిన చర్యలన్నీ తీసుకోవాలని విధించింది. యజమాని తగిన ఆహారం, నీరు, ఆశ్రయం ఇవ్వకపోవడాన్ని, తగిన కారణం లేకుండా ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో వదిలివేయడాన్ని 11వ సెక్షను క్రూరత్వంగా పేర్కొన్నది. మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు. ఆ మొత్తం నేడు ఒక కట్ట ఎండుగడ్డికి కూడా చాలదు. అయితే శిక్ష స్వల్పం కావడం కంటే ముఖ్యమైనది మరొకటి. విడిచిపెట్టరాదని చట్టం చెప్పగలదు గాని, పెంచలేనివారు ఎలా అప్పగించాలో చెప్పదు. ఆ ఖాళీని నింపవలసింది నీతివిచారమే.

ఆధునిక పాశ్చాత్య తత్త్వంలో బాధను అనుభవించగల శక్తినే నైతిక గణనకు ప్రమాణంగా 1789లో బెంథామ్ సూచించాడు. పీటర్ సింగర్ 1975లో దానిని విస్తరించాడు. ఈ ప్రమాణం ప్రకారం అన్ని కుందేళ్ల బాధ ఒకటే. కాని మా పిన్ని ఇంటి కుందేలు పట్ల పిన్నికున్న బాధ్యత, పొలంలోని కుందేలు పట్ల లేదు. ఎందుకు? 2010లో వెలువడిన తన గ్రంథంలో క్లేర్ పామర్ ఇచ్చే సమాధానం సంబంధాన్ని ఆధారం చేసుకొన్నది. ఒక ప్రాణి తనంతట తాను బతకలేని స్థితికి మనం కారణమైనప్పుడు దానికి సాయపడటం దయ కాదు, రుణం. పొలంలోని కుందేలును దాని మానాన వదిలేయడమే మర్యాద. పంజరంలోనిదానికి మనం తప్ప మానం లేదు. మాంసం కోసం కుందేళ్లను పెంచే లోకంలో నాలుగు పెంపుడు కుందేళ్ల గురించి ఇంత విచారమా అనే ఆక్షేపానికి కూడా సమాధానానికి ఆరంభం ఇక్కడే ఉంది. మాంసభక్షణ మంచిచెడ్డలు వేరే విచారణకు చెందినవి; అవి తేలినా తేలకపోయినా, పేరు పెట్టి పిలిచి ఇంట్లో తెచ్చుకున్నవారు ఆ పిలుపుతోనే ఒక మాట ఇచ్చినవారవుతారు.

4. వదిలించుకోవడం, ఇచ్చివేయడం, అప్పగించడం

మన వాడుకలో ఈ పనిని చెప్పే క్రియలు మూడు కనిపిస్తాయి. వీటి భేదాన్ని గమనిస్తే సమస్య చాలావరకు విడివడుతుంది.

‘వదిలించుకోవడం’లో ప్రాణి ఒక బరువు. క్రియాఫలం కర్తకే, ‘కొను’ అనే ఆత్మార్థకం ఆ సంగతిని చెబుతూనే ఉంది. ఎవరు పుచ్చుకున్నారన్న ప్రశ్న ఆ వాక్యంలో అవసరమే లేదు.

‘ఇచ్చివేయడం’లో పుచ్చుకునేవాడు ఉన్నాడు. కాని ‘వేయు’ అనే అనుబంధక్రియ పని పూర్తి అయిపోయిందనీ, ఇక తిరిగి చూడవలసింది లేదనీ తెలుపుతుంది. నాలుగు పిల్లలు ఎక్కడున్నాయని నేను అడిగినప్పుడు పిన్ని, “అవి ఎప్పుడో ఇచ్చేశామే” అన్నది. ఆ ఒక్క క్రియలో సంభాషణ ముగిసింది.

‘అప్పగించడం’ భిన్నమైనది. తాళంచెవులు, పసిపిల్లలు, ఆఫీసు బాధ్యతలు అప్పగిస్తాం. ఈ క్రియకు తీసుకునేవాడు ఎవరన్నది ముఖ్యం, అతనికి విషయం తెలియజెప్పడం అందులో భాగం, అప్పగించినవాడు తరువాత కూడా “ఎలా ఉంది?” అని అడగవచ్చు. అడగడం ఇక్కడ అనుచితం కాదు, అడగకపోవడమే అనుచితం. పెంపకానికి ఇవ్వడం అనే పలుకుబడి కూడా ఇటువంటిదే. బిడ్డనైనా పశువునైనా పెంచడమనే ఒకే ధాతువుతో చెప్పే భాష మనది.

కుందేళ్లకు ఇల్లు వెతుకుతున్నప్పుడు ఈ భేదం నాకు అనుభవానికి వచ్చింది. మొదట ఫోను చేసిన వ్యక్తి అడిగిన ప్రశ్న ఒక్కటే – ఒక్కొక్కటి ఎన్ని కిలోలు ఉంటుంది? రెండవవారు ఆడదానిని మాత్రం ఇమ్మన్నారు. పిల్లలు పెట్టించి అమ్ముకోవాలని వారి ఆలోచన. మూడవవారు మంచి కుటుంబీకులు. తమ అమ్మాయి పుట్టినరోజు వచ్చే వారమే అనీ, ఆలోగా కావాలనీ అన్నారు. ఆ మాట వినగానే నాకు పిన్ని బాల్కనీ కళ్ల ముందు మెదిలింది. ముగ్గురూ ఉచితంగా తీసుకుపోవడానికి సిద్ధంగా ఉన్నవారే. వదిలించుకోవడమే లక్ష్యమైతే మొదటి ఫోనుతోనే పని అయిపోయేది.

నాలుగవవారు హనుమకొండలో ఉండే ఒక రిటైర్డు ఉపాధ్యాయురాలు. ఆమె తిరిగి నన్నే ప్రశ్నించారు. ఏం తింటున్నాయి? గోళ్లు ఎప్పుడు కత్తిరించారు? రెండూ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయా, కొట్లాడుకుంటాయా? డాక్టరుకు చూపించారా? చాలావాటికి నా దగ్గర సమాధానం లేదు. ఆ ప్రశ్నలకు జవాబులు వెతకడంతోనే నేను ఆ ప్రాణులను మొదటిసారి సరిగా చూశాను. పళ్లు కత్తిరింపించడం, మగదానికి మళ్లీ సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేయించడం, కాలి పుండ్లకు మందు వేయడం – ఇవన్నీ ఇవ్వడానికి ముందే పిన్ని ఖర్చుతో జరిగాయి. వేసవి వెళ్లేదాకా ఆగి, జూలైలో ఒక తెల్లవారుజామున రెండింటినీ కలిపే తీసుకువెళ్లాం.

5. ఒక ఆక్షేపం: ధర్మరాజు కుక్కను ఎవరికైనా అప్పగించాడా?

ఇక్కడ సంప్రదాయం నుంచే బలమైన ఆక్షేపం ఒకటి వస్తుంది. మహాప్రస్థానిక పర్వంలో ఇంద్రుడు రథం తెచ్చి స్వర్గానికి రమ్మని పిలిచినప్పుడు, వెంట వచ్చిన కుక్కను విడిచి రానని ధర్మరాజు నిలబడతాడు. నమ్మి వచ్చినదానిని విడవడం మహాపాతకాలతో సమానమని ఆయన వాదం. ఇంద్రుడు ఎన్ని విధాల చెప్పినా సడలడు. ఆ కుక్క ధర్మదేవత అని తరువాత తెలుస్తుంది. ఈ ప్రమాణం ముందు, పెంచలేమని కుందేలును మరొకరికి ఇవ్వడం త్యాగమనే దోషం కాదా?

ఈ ఆక్షేపానికి సమాధానం అదే పర్వం ఆరంభంలో ఉంది. బయలుదేరే ముందు ధర్మరాజు హస్తినలో పరీక్షిత్తును అభిషేకిస్తాడు. బాలుడైన అతనికి కృపాచార్యుని గురువుగా నియమిస్తాడు. రాజ్యభారం చూడటానికి యుయుత్సుని నిలుపుతాడు. ఇంద్రప్రస్థంలో యాదవవంశపు వజ్రుని ఉంచి, అతనిని కాపాడమని సుభద్రకు చెబుతాడు. తన మీద ఆధారపడినవారిలో ఒక్కరినీ దిక్కులేకుండా విడిచి కదలలేదు. ప్రతివారినీ తగినవారి చేతుల్లో పెట్టి, చెప్పవలసినది చెప్పి కదిలాడు. మంచుకొండ మీద ఆ కుక్క విషయంలో మాత్రం అటువంటి అవకాశం లేదు. పుచ్చుకునే చేతులు అక్కడ లేవు. అందుకే అక్కడ ఒకే ధర్మం మిగిలింది, వదలకపోవడం.

ఈ రెండు చర్యలనూ కలిపి చదివినప్పుడు ధర్మరాజు నిషేధించినది విడిపోవడాన్ని కాదు, వేరే ఆశ్రయం లేనిదానిని విడవడాన్ని అని తేలుతుంది. యక్షప్రశ్నలలో పరమధర్మంగా ఆయన చెప్పిన ఆనృశంస్యం – అంటే క్రూరత్వం లేకపోవడం – ఈ రెండు చోట్లా ఒకటే. పరీక్షిత్తు విషయంలో అది అప్పగింతగా, కుక్క విషయంలో నిరాకరణగా వ్యక్తమయింది. కాబట్టి మంచి ఇల్లు దొరికినప్పుడు ఇవ్వడం ధర్మవిరుద్ధం కాదు. దొరకనంతవరకు ఎంత కష్టమైనా పెంచుతూ ఉండటం, స్థితిని బాగుచేయడం తప్పనిసరి. “ఇంకెవరూ లేరు కదా” అన్నది విడవడానికి సమర్థన కాదు. విడవకూడదు అనడానికి అదే హేతువు.

6. శకుంతల అప్పగింతలు: నిక్షేపభావన

అభిజ్ఞాన శాకుంతలం నాలుగవ అంకాన్ని కన్యకు పుట్టింటి వీడ్కోలుగానే మనం ప్రధానంగా చదువుకుంటూ వచ్చాం. పెంచినవాటి పక్షాన చదివితే అది మరొక అప్పగింతల ఘట్టం. ఆశ్రమం విడిచేవేళ శకుంతల మూడు అప్పగింతలు చేస్తుంది. వనజ్యోత్స్న అనే లతను చెలికత్తెలిద్దరి చేతిలో నిక్షేపంగా ఉంచుతున్నానంటుంది. పర్ణశాల చుట్టూ తిరిగే నిండుచూలాలైన లేడి సుఖంగా ఈనినప్పుడు ఆ ప్రియవార్త చెప్పడానికి ఎవరినైనా పంపమని కణ్వుని కోరుతుంది. తల్లి లేని లేడిపిల్ల చెంగు పట్టి వెనుకనే వస్తే, ఇకమీదట తండ్రి నిన్ను చూసుకుంటాడని చెప్పి ఏడుస్తుంది. దర్భలు గుచ్చుకొన్న దాని నోటికి నూనె రాసి, గింజలు పిడికిళ్లతో తినిపించి పెంచింది ఆమెయే.

ఇందులో మూడు అంశాలు గమనించదగినవి. దేనికి ఎవరు తగినవారో చూసి అప్పగించింది. తరువాతి క్షేమవార్తను ముందే అడిగింది. ప్రాణికి స్వయంగా చెప్పింది. అది అర్థం చేసుకుంటుందని కాదు, చెప్పకుండా వెళ్లడం తనకు చేతకాక.

‘నిక్షేపం’ వ్యవహారశాస్త్రంలోని మాట. మనువు చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాల్లో ఋణాదానం తరువాత చెప్పబడినది ఇదే. నమ్మి ఒకరి వద్ద ఉంచిన వస్తువును ఆ వ్యక్తి తనదిగా భావించరాదు, వాడుకోరాదు, చెడనీయరాదు, అడిగినప్పుడు చూపాలి. ఈ భావనను పెంపుడు ప్రాణికి అన్వయిస్తే యాజమాన్యం స్థానంలో సంరక్షకత్వం వస్తుంది. కుందేలును కొన్నవాడు దాని యజమాని కాడు. దానిని చెడనీయకుండా ఉంచవలసిన నిక్షేపధారి. కనుక మరొకరికి ఇచ్చేటప్పుడు అతడు ఇస్తున్నది సొత్తును కాదు, ఆ కర్తవ్యాన్ని. తన కర్తవ్యాన్ని తగినవానికి సంక్రమింపజేయడానికి అతనికి అధికారం ఉంది. తగనివానికి ఇవ్వడానికి లేదు.

ఈ అన్వయానికి రెండు పరిమితులున్నాయి. మొదటిది: శాస్త్రంలో నిక్షేపం ఉంచినవాడు తిరిగి తీసుకోవడానికి వస్తాడు. ఇక్కడ ఉంచినది ఎవరు? ప్రాణి ఎవరికీ చెందనిదైతే తన్ను తానే మన చేతిలో ఉంచుకున్నట్లు భావించాలి. తిరిగి అడగగల నోరు దానికి లేదు. అందువల్ల మామూలు నిక్షేపంలో కంటే ఇక్కడ ధారి మీద భారం ఎక్కువ. వనజ్యోత్స్నను కూడా శకుంతల తాను తిరిగి తీసుకోవడానికి ఉంచలేదు. ఆ తీగ కోసమే ఉంచింది. కాళిదాసు ఆ మాటను వాడిన తీరులోనే ఈ అర్థవిస్తృతికి చోటున్నది.

రెండవది: అదే అంకంలో కణ్వుడు ఆడపిల్లను పరుల సొమ్ముగా, తిరిగి ఇచ్చిన న్యాసంగా భావించి మనసు తేలిక చేసుకుంటాడు. మన పెండ్లిండ్లలో పాలలో చేతులు ముంచి చేసే అప్పగింతల వెనుక ఉన్నదీ ఈ భావమే. మాట్లాడగల, కోరగల, నిరాకరించగల స్త్రీని నిక్షేపంగా చూడటం ఆమె కర్తృత్వాన్ని కాదనడమే. స్త్రీవాద విమర్శ దీనిని సరిగానే ఎత్తిచూపింది. నిక్షేపభావన తగిలేది తన తరఫున తాను మాట్లాడలేని ప్రాణికే. ఒక భావన ఒకచోట అన్యాయమైనంత మాత్రాన అన్ని చోట్లా అన్యాయం కాదు. ఎక్కడ తగునో హద్దు చెప్పుకోవడం అవసరం.

శకుంతల తీగను అప్పగించినప్పుడు చెలికత్తెలు, మరి మమ్మల్ని ఎవరి చేతిలో ఉంచావని కన్నీటితో అడుగుతారు. ఆ ప్రశ్న పుచ్చుకునేవారందరిదీ. పెంపుడు కుందేళ్ల సంరక్షణ కోసం అమెరికాలో 1988లో హౌస్ రాబిట్ సొసైటీ ఏర్పడింది. ఈస్టరు కానుకలుగా కొన్న కుందేళ్లు కొన్ని వారాల తరువాత ఆశ్రయాలకు చేరడం అక్కడ ఏటా తెలిసిన సంగతే. మనవద్ద ఈ భారం ఎక్కువగా విడివిడి వ్యక్తుల మీద పడుతుంది. దయగలవారని పేరుపడిన ఇంటి గుమ్మం ముందు అట్టపెట్టెలో ప్రాణులను పెట్టిపోయేవారున్నారు. అది అప్పగింత కాదు. ఎదుటివారి దయను వారి అనుమతి లేకుండా ఖర్చు చేయడం. వైద్యానికి, మేతకు ఇచ్చేవారు తమ వంతు భరించడం, ఇంకొక ఏడాదికి కష్టమైతే చెప్పండని అనగలగడం చెలికత్తెల ప్రశ్నకు చేతలతో ఇచ్చే సమాధానం.

7. భరతుడు, పిన్ని: రెండు మమకారాలు

భాగవతం పంచమస్కంధాన్ని తెనిగించినవాడు గంగన. అందులోని భరతోపాఖ్యానంలో రాజర్షి భరతుడు నదిలో పడిన లేడిపిల్లను కాపాడి పెంచుతాడు. దాని మీది మమకారంతో నిత్యకర్మలు తప్పి, దానినే తలుస్తూ మరణించి లేడిగా పుడతాడు. మమకారం మోక్షానికి అడ్డని దీనికి సంప్రదాయార్థం. అయితే ప్రాణిని కాపాడటం తప్పని ఆ కథ చెప్పదు. కాపాడినదానిని తనదిగా చేసుకోవడాన్ని చూపుతుంది. తాను లేకపోతే దానికి ఎవరూ లేరనే తలంపు ఆయనను విడువలేదు.

మా పిన్నిలో మమకారం లేదని నేను అనుకున్నాను. అది తప్పని తరువాత తెలిసింది. ఆమె ఏడాది ముందే వాటిని ఎవరికైనా ఇవ్వాలనుకున్నదట. “పెంచడం చేతగాక ఇచ్చేస్తున్నారంటారు కదే” అని ఆగింది. ఆ ఏడాదిలోనే పళ్లు పెరిగాయి, కాళ్లు పుండ్లు పడ్డాయి. భరతునిది ప్రాణి మీది మమకారం. పిన్నిది పేరు మీది మమకారం. రెండింటిలోనూ ప్రాణి కంటే ముందు ‘నేను’ నిలబడింది.

ఇది నిందకు సంబంధించిన ప్రశ్నను తెస్తుంది. నిర్లక్ష్యం చేసినవారిని సిగ్గుపరచడం న్యాయమనిపిస్తుంది. నిజమే, కొనేముందు ఆలోచించనందుకు వారు బాధ్యులు. కాని సిగ్గుకు భయపడినవారు ప్రాణిని బాగుచేయరు, దాచిపెడతారు. దాచలేనప్పుడు రాత్రిపూట ఏ పార్కులోనో వదులుతారు. శిక్ష ఎవరి మీద పడుతున్నదో చూడకుండా వేసే శిక్ష న్యాయం కాదు. మరోవైపు, ఇవ్వడం ఇంత సులభమని చూపిస్తే కొనడం ఇంకా తేలికవుతుందనే భయమూ సమంజసమే. కనుక ఇచ్చేవారిని నిందించక, వారిచేత చేయవలసినవి చేయించడం మధ్యేమార్గం. మన ధర్మశాస్త్రాలు దండనను, ప్రాయశ్చిత్తాన్ని వేరుచేసింది ఇందుకే. ప్రాయశ్చిత్తం తప్పు ఒప్పుకున్నవాడికి దారి మూయదు. ఒక పని చెబుతుంది. పిన్ని వైద్యానికి డబ్బు కట్టడం, పిల్లవాడు తానే స్వయంగా హనుమకొండ దాకా వచ్చి గడ్డి ఎలా వేయాలో చెప్పడం అటువంటివే. ఆ ఇంట్లో మళ్లీ ప్రాణిని కొనలేదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. పెంపుడు ప్రాణి పట్ల బాధ్యత దయ నుంచి కాక, మనం దానిని పరాధీనం చేసిన చర్య నుంచి పుట్టిన రుణం.

2. తగిన ఆశ్రయం చూసి ఇవ్వడం త్యాగదోషం కాదు. ఆశ్రయం లేనిచోట విడవడమే దోషం. ధర్మరాజు రెండు చర్యలూ దీనికి నిదర్శనం.

3. ఇచ్చేవారికి ఉన్నది యాజమాన్యం కాదు, నిక్షేపధారిత్వం. స్వీకర్తను ఎంచడం, ఉన్న లోపాలను దాచకుండా చెప్పడం, వీలైనంత బాగుచేసి ఇవ్వడం, తరువాతి క్షేమం విచారించడం అందులోని అంగాలు.

4. పుచ్చుకునేవారి పట్ల కూడా కర్తవ్యం ఉంది. వారి దయను పరిమితి లేని సాధనంగా చూడరాదు.

హనుమకొండలో ఆ ఉపాధ్యాయురాలు కుందేళ్లను దింపుకొని, గుమ్మంలో నిలబడి అడిగిన చివరి ప్రశ్న నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది: “ఒకవేళ నేను చూసుకోలేని రోజు వస్తే మీకు చెప్పాలా, అమ్మా?” చెప్పాలన్నాను. ఎనిమిది నెలల తరువాత ఆమె ఫోను చేశారు. పళ్లు వంకరగా పెరిగిన కుందేలు ఆ ఉదయం చనిపోయిందనీ, రెండవది మేత తగ్గించిందనీ, దానికి తోడు ఏం చేయాలనీ అడిగారు. శకుంతల కోరినట్టి ప్రియవార్త కాదది. అయినా ఆ వార్త నాకు చేరవలసినదే, చేరింది. తొలి ఈతలో పుట్టిన నాలుగు పిల్లల గురించి మాత్రం అడగడానికి మా వద్ద ఒక్క ఫోను నెంబరు కూడా లేదు.